పాత బండికి పాత ఇనుమా, కొత్త నకలా?

రాయ్‌పూర్, భిలాయ్ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో షెడ్డు మూల ఓ పాత మోటార్‌సైకిలు కనిపించడం మామూలే. రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారి పట్టుకుని వచ్చినవాళ్ళు, ఆ తర్వాత భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనికోసం వచ్చినవాళ్ళు ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్ళు జీతం కూడబెట్టి కొన్న బుల్లెట్టో, యెజ్డీయో, రాజ్‌దూతో ఇప్పుడు పిల్లల చేతికి, మనవల చేతికి వచ్చింది. నంబరు ప్లేటు మీద ఇంకా మధ్యప్రదేశ్ గుర్తు ‘ఎంపీ’ అనే ఉంటుంది, ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000 నవంబరు 1న కాబట్టి. ఆ బండిని మళ్ళీ రోడ్డెక్కించాలని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళగానే అతను అడిగే మాట ఒకటే: “పాత సామానే బాగుచేయమంటారా, కొత్తది తెప్పించమంటారా?”

బండి మొత్తానికీ కలిపి ఒకే జవాబు చెప్పేస్తే డబ్బు వృథా అయ్యేది అక్కడే. అన్నీ కొత్తవి వేయమంటే గట్టి ఇనుము పోయి పల్చటి రేకు వస్తుంది. అన్నీ పాతవే ఉంచమంటే బ్రేకు సమయానికి పట్టదు. పార్టు పార్టుకూ విడిగా తేల్చుకోవాలి. ఎలా తేల్చుకోవాలో అంకెలతోనే చూద్దాం.

ముందు ‘కొత్తది’ అంటే ఏమిటో తెలియాలి. మైసూరులో జావా, యెజ్డీ బళ్ళు తయారుచేసిన ఐడియల్ జావా కంపెనీ 1996లో మూతపడింది. అంటే ఆ బళ్ళకు కంపెనీ సామాను తయారవక 30 ఏళ్ళు కావస్తోంది. 2018లో మళ్ళీ వచ్చిన జావా పేరు పాతదే అయినా బండి పూర్తిగా వేరు, దాని సామాను దీనికి పట్టదు. కాబట్టి ఇవాళ ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచో, చెన్నై పుదుపేట నుంచో మీకు వచ్చే పార్టు మూడింటిలో ఒకటై ఉంటుంది: అప్పట్లో అమ్ముడుపోకుండా మిగిలిన పాత స్టాకు, ఎవరో పాత పార్టు చూసి చేసిన నకలు, లేదా ఇంకో బండి నుంచి ఊడదీసింది. బుల్లెట్టు వాళ్ళకు ఈ ఇబ్బంది తక్కువ. పోత ఇనుము సిలిండరున్న ఆ ఇంజను 2010 ప్రాంతం దాకా తయారవుతూనే ఉంది కనుక సామాను విరివిగా దొరుకుతుంది.

“సీలు విప్పని పాత స్టాకు దొరికితే అదే మేలు కదా?” అంటారు. ఇనుప పార్టయితే నిస్సందేహంగా మేలు. రబ్బరు పార్టయితే కాదు. 1990లో ప్యాకెట్లో పెట్టిన ఆయిల్ సీలు, వాడకపోయినా గట్టిపడుతూనే ఉంటుంది. ఆయిల్ సీలంటే ఇరుసు చుట్టూ నూనె కారకుండా పట్టి ఉంచే రబ్బరు బిళ్ళ. అది బిగుసుకుపోయి బిరుసెక్కితే కంపెనీ ముద్ర దాన్ని కాపాడదు. రబ్బరు ఎప్పుడూ కొత్తగా తయారైందే కొనండి.

ఇక మడ్‌గార్డు సంగతి. అందరూ తొందరపడి మార్చేసేది దీన్నే. రేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. 20 గేజ్ రేకు మందం 0.91 మిల్లీమీటర్లు, 22 గేజ్ అయితే 0.71. తేడా మిల్లీమీటరులో ఐదో వంతేగా అనిపిస్తుంది. కానీ రేకు వంగకుండా నిలబడే బిగువు మందానికి ఘనంగా మారుతుంది, అంటే మందం × మందం × మందం లెక్కలో. ఆ లెక్కన 22 గేజ్ రేకు బిగువు 20 గేజ్‌లో సగం కూడా రాదు, 47 శాతమే. ఇంజను అదురుకు పల్చటి రేకుతో చేసిన కొత్త మడ్‌గార్డు స్టే దగ్గర, అంటే దాన్ని పట్టి ఉంచే కడ్డీ దగ్గర, బోల్టు రంధ్రాల చుట్టూ చిట్లిపోయేది అందుకే.

గేజ్ కొలిచే పరికరం మన దగ్గర ఉండదు. త్రాసు ఉంటే చాలు. మీటరు పొడవు, అడ్డంగా వంపుతో కలిపి 25 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న మడ్‌గార్డు అనుకుందాం. 20 గేజ్‌లో అది సుమారు 1,800 గ్రాములు తూగుతుంది, 22 గేజ్‌లో 1,400. ఆ 400 గ్రాముల తేడా కూరగాయల త్రాసు మీద కూడా కనిపిస్తుంది. పాతదాన్ని ముందు తూచి పెట్టుకుని, కొట్టువాడిని కొత్తదాని బరువు అడగండి. తూచి చెప్పడానికి తటపటాయిస్తే కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మరి పాతది తుప్పు పట్టి చిల్లులు పడిందే అంటారా? గోరుతో, చిన్న స్క్రూడ్రైవరు మొనతో చుట్టూ గుచ్చి చూడండి. మొన దిగబడిన చోటల్లా రేకు పోయినట్టే. సాధారణంగా ఇది నీళ్ళు నిలిచే చోట, మడ్‌గార్డు కింది అంచు లోపలా, స్టే అతికిన చోటా ఉంటుంది. రాయ్‌పూర్‌లో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. ఆ బురద అక్కడ ఎండి, మళ్ళీ తడిసి, రేకును తినేస్తుంది. పోయింది అరచేతి మేర అయితే దాన్ని కోసి, అదే మందం రేకుతో అతుకు వేయించండి. మూడో వంతుకు పైగా పోయి ఉంటే అతుకుల మీద అతుకులు వేయడం దండగ, అప్పుడు నకలు వైపు చూడండి.

డబ్బు లెక్క ఒకటి వేద్దాం. ఈ అంకెలు పద్ధతి చూపడానికి నేను వేసుకున్నవి. మీ మెకానిక్ చెప్పిన రేట్లు వీటి స్థానంలో పెట్టుకోండి. నకలు మడ్‌గార్డు 1,800 రూపాయలు. పాతదానికి అతుకు 1,400, డెంటింగ్ 1,000, మొత్తం 2,400. చూడగానే నకలు 600 చవక. అయితే నకలుకు కొరియరు 350. వచ్చాక రంధ్రాలు బండికి సరిపోవు, వాటిని సాగదీసి, స్టే వంచి బిగించడానికి 600. కలిపితే 2,750. ఇప్పుడు పాతదే 350 చవక. రంగు ఖర్చు రెండింటికీ ఒకటే కనుక లెక్కలోకి తీసుకోలేదు. ధర చీటీ మీద ఉన్న అంకెకు, అది బండికి ఎక్కి కూర్చునేదాకా అయ్యే ఖర్చుకు మధ్య ఈ దూరం ప్రతి రేకు పార్టుకూ ఉంటుంది. బిల్లు అడిగి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి సామాను మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, వెయ్యి రూపాయల సామానుకు 100 రూపాయలు తక్కువ. బిల్లుంటే సరిపోని పార్టు వెనక్కి ఇవ్వడానికి ఒక ఆధారమూ ఉంటుంది.

సిలిండరు విషయంలో నాకు ఏ సందేహమూ లేదు: పాతదాన్నే నిలబెట్టుకోండి. పాత యెజ్డీ సిలిండరు బోరు, అంటే పిస్టన్ తిరిగే గొట్టం లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు. పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం 75. గుణించి చూస్తే సుమారు 249 సీసీ. అరిగినప్పుడు లోపలి గోడను పావు మిల్లీమీటరు చొప్పున కోసి, అంత పెద్ద పిస్టన్ వేస్తారు. దీన్నే బోరు వేయించడం అంటారు. 65 నుంచి 66 మిల్లీమీటర్ల దాకా నాలుగు బోర్లు వస్తాయి. నాలుగూ అయ్యాక ఇంజను 257 సీసీ అవుతుంది, పెరిగింది దాదాపు 8 మిల్లీలీటర్లు, ఒకటిన్నర టీస్పూను. బండి స్వభావం మారదు. ఒక్కో బోరు 20,000 కిలోమీటర్లు వస్తుందనుకుని, మీరు ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిప్పుతారనుకుంటే నాలుగు బోర్లకు 40 ఏళ్ళు. లోతుగా గీతలు పడితే ఒకేసారి రెండు సైజులు దాటవలసి రావచ్చు, అయినా పాతికేళ్ళ మాట.

ఆ తర్వాత? స్లీవు వేయించి, అంటే లోపల కొత్త ఇనుప గొట్టం దిగ్గొట్టించి, మళ్ళీ 65కు తేవచ్చు. టూ-స్ట్రోక్ బళ్ళకు మాత్రం ఆ గొట్టానికి గాలి, పొగ వెళ్ళే కిటికీలు పాత కొలతకే కోయాలి. మిల్లీమీటరు ఎత్తు మారినా బండి లాగే తీరు మారిపోతుంది. ఆ పని చేసే మేస్త్రీని ముందు కొలతలు రాసుకోమనండి. రాసుకోకుండా కోతకు దిగేవాడికి ఇవ్వకండి.

రాయ్‌పూర్‌కు ఈ పనిలో ఒక అనుకూలత ఉంది. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్, రోలింగ్ మిల్లులు నడుస్తాయి. వాటికి పనిచేసే లేత్ షాపులు ఊరి చుట్టూ ఉన్నాయి. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ పక్కన రైల్వే వ్యాగన్ రిపేరు షాపు, అటు భిలాయ్ కర్మాగారం. తెలుగు మాట్లాడే రిటైర్డ్ ఫిట్టర్లు, టర్నర్లు కాస్త వెతికితే దొరుకుతారు. కానీ పెద్ద లేత్ ఉన్నంత మాత్రాన బోరు పని వస్తుందనుకోవద్దు. మిల్లు రోలరు తిప్పే చోట మిల్లీమీటరులో పదో వంతు తప్పు పెద్దది కాకపోవచ్చు. ఇక్కడ పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండవలసిన సందే అంతకంటే తక్కువ. బోరు గేజ్, హోనింగ్, అంటే కోసిన గోడను సన్నటి రాళ్ళతో నునుపు చేసే ఏర్పాటు, రెండూ ఉన్న చోటికే సిలిండరు తీసుకెళ్ళండి. పిస్టన్ ముందు కొని చేతికివ్వండి. దాన్ని కొలిచాకే గోడ కోయాలి.

పిస్టన్ మాత్రం నకలే కొనక తప్పదు, అరిగిన దాన్ని నింపే దారి లేదు. అందుకే పేరున్న కంపెనీది తీసుకోండి. వేడెక్కితే అల్యూమినియం, ఇనుముకు రెండింతలు సాగుతుంది. మంచి పిస్టన్‌లో ఆ సాగుడు తగ్గించడానికి సిలికాన్ కలుపుతారు. నాసిరకంలో అది సరిగ్గా ఉండదు. మే నెల ఎండలో బండి సీజయ్యేది, అంటే పిస్టన్ ఉబ్బి గోడకు పట్టేసేది, తరచుగా ఇలాంటివే. 300 రూపాయలు మిగుల్చుకుందామని చూస్తే బోరు ఖర్చు మళ్ళీ మీద పడుతుంది.

పెట్రోలు ట్యాంకు దగ్గర ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ప్రమాదం డబ్బుకు సంబంధించింది కాదు. పాత ట్యాంకు రేకు గట్టిది, దాని ఆకారం నకళ్ళలో అరుదుగా సరిగ్గా కుదురుతుంది. బాగుచేయించడమే మంచిది. కానీ చిల్లు మూయడానికి నిప్పు తగిలించే ముందు ఈ అంకె గుర్తుంచుకోండి: గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, పేలుతుంది. 13 లీటర్ల ట్యాంకులో అంత ఆవిరి పుట్టడానికి కావలసిన పెట్రోలు ఒక మిల్లీలీటరు లోపు, పావు టీస్పూను కూడా కాదు. “ఖాళీ ట్యాంకే, ఆరు నెలలుగా ఎండలో పెట్టాం” అన్న మాటను నమ్మకండి. మూలల్లోని తుప్పు పొరల్లో అంత పెట్రోలు దాగి ఉంటుంది. సబ్బు నీళ్ళతో పలుమార్లు కడిగి, వెల్డింగ్ చేసేటప్పుడు చిల్లు ఉన్న చోటు వరకూ నీళ్ళు నింపి, ఆ పని తెలిసినవాడి చేతే చేయించాలి. ఇంట్లో ప్రయత్నించవద్దు.

“చిల్లుకు ఎం-సీల్ పెడితే పోతుందిగా?” కొన్నాళ్ళు ఆగుతుందేమో, కానీ ఇప్పటి పెట్రోలు మారింది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. నిండు ట్యాంకు 13 లీటర్లలో అది 2.6 లీటర్లు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును, బెండును, కొన్ని రకాల లప్పాన్ని మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోలు తగిలే మెత్తటి పార్టులన్నీ, గొట్టం, కుళాయి వాషరు, కార్బురేటరు ప్యాకింగులు, ఇథనాల్ తట్టుకునే కొత్త రకానివి వేయండి. వానాకాలంలో నెలల తరబడి బండి తీయకపోతే ట్యాంకూ, కార్బురేటరూ ఖాళీ చేసి పెట్టండి.

కార్బురేటరు ఒంటిని మాత్రం పారేయకండి. అందులోని జెట్టు, అంటే పెట్రోలు వెళ్ళే సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి మర, దాని కొలత మీదే బండి నడక ఆధారపడుతుంది. ఆ రంధ్రం వ్యాసం 1.00 బదులు 1.05 మిల్లీమీటర్లు ఉందనుకోండి. కంటికి తేడా తెలియదు, కానీ వైశాల్యం 10 శాతం పెరుగుతుంది. నకలు కార్బురేటరు వేశాక మైలేజీ పడిపోయిందని, ప్లగ్గు నల్లబడుతోందని మొత్తుకునేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే. పాతదాన్ని శుభ్రం చేయించి, లోపలి సూది, ప్యాకింగులు మార్చి చూడండి. లోపల పైకీ కిందికీ జారే స్లయిడు బాగా అరిగి వదులై ఊగుతుంటేనే కొత్తది.

క్రోమ్ పూతకు ఖర్చెందుకు అంత అంటారు చాలామంది. మనకు మెరిసేది క్రోమే అయినా దాని మందం సాధారణంగా అర మైక్రాన్ లోపే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మామూలు జిరాక్స్ కాగితం సుమారు 100 మైక్రాన్లు, అంటే ఆ మందానికి రావాలంటే 200 క్రోమ్ పొరలు కావాలి. తుప్పును ఆపేది దాని కింద ఉన్న నికెల్ పొర, మంచి పనిలో అది 20 మైక్రాన్ల దాకా ఉంటుంది. అసలు శ్రమ అంతా ఆ రెండింటికీ ముందు, తుప్పు గుంటలు కనబడకుండా ఇనుమును అరగదీసి పాలిష్ పట్టడంలో ఉంది. తక్కువ ధరకు చేసేవాడు నికెల్ తగ్గిస్తాడు. ఒక వానాకాలం గడిచేసరికి బొబ్బలు లేస్తాయి. “నికెల్ ఎంతసేపు వేస్తారు?” అని అడగండి, జవాబులోనే పనితనం తెలిసిపోతుంది. ఇంకో మాట: ప్రతి పాలిష్‌లో రేకు కొంత పోతుంది. గుంటలు లోతుగా ఉన్న ట్యాంకు పక్కలను రెండోసారి, మూడోసారి పూతకు ఇస్తే రేకు పల్చబడి చిల్లులు తేలతాయి. అలాంటి చోట కొద్దిపాటి మచ్చలను అలాగే ఉంచేయడం నాకు ఇష్టం.

బోల్టులు చిన్న విషయంగా కనిపిస్తాయి కానీ, బుల్లెట్టు ఇంజన్లను పాడుచేసింది ఇవే. ఇంగ్లండులో పుట్టిన ఆ బండిలో చాలాచోట్ల 5/16 అంగుళం బోల్టుకు అంగుళానికి 26 మరలు ఉంటాయి. అంగడిలో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టు లావు దాదాపు అంతే, 7.94కీ 8కీ తేడా ఎవరికీ తెలియదు. కానీ దానికి అంగుళానికి 20 మరలే. మొదటి రెండు చుట్లు దిగుతుంది, మూడో చుట్టు పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం కేసింగ్‌లోని మర చిరిగిపోతుంది. పాత బోల్టులు తుప్పు వదిలించి మళ్ళీ వాడండి, కొత్తవి కావాలంటే మరల లెక్క చెప్పి తెప్పించండి.

ఇప్పుడు పాతవి ఒక్క క్షణం కూడా ఉంచకూడనివి. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. బ్రేకు అర సెకను ఆలస్యంగా పడితే ఏడు మీటర్లు పోయినట్టే. టైర్లు, ట్యూబులు, బ్రేకు కేబుళ్ళు, చైను కొత్తవే ఉండాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి: 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. బ్రేకు షూలలో మధ్యే మార్గం ఉంది. షూ పాతదే ఉంచి, దాని మీది లైనింగ్ కొత్తది అతికించుకోవచ్చు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్మును గాలితో ఊదించకండి, తడిగుడ్డతో తుడవండి.

బేరింగుల దగ్గర అసలు ఈ తర్జనభర్జనే అక్కర్లేదు. అవి ప్రపంచమంతా ఒకే కొలతకు తయారవుతాయి. 6205 అని ఉంటే చివరి 05ను ఐదుతో గుణించండి, 25. అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. అదే నంబరున్న మంచి కంపెనీ బేరింగు, పాతదానికి ఏ విధంగానూ తీసిపోదు.

ఒక్కటి మాత్రం ఎంత పాడైనా మార్చకూడదు: నంబరు చెక్కి ఉన్న లోహం. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి, నమోదు కావాలి. క్రాంక్‌కేస్ పగిలితే ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి, నంబరు లేని కొత్త కేసింగ్ చవకగా వస్తోందని వేయించకండి. నంబరు మీద గ్రైండరు గానీ, లోతైన శాండ్‌బ్లాస్టింగ్ గానీ పడనివ్వకండి. రంగుకు ఇచ్చే ముందు దాని మీద టేపు అతికించి ఇవ్వండి.

“మా బండికి 50 ఏళ్ళు దాటాయి, వింటేజ్‌గా నమోదు చేయిద్దామా?” 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజనులో చెప్పుకోదగ్గ మార్పులు జరగని బండి దానికి అర్హం. రేకులన్నీ మార్చేసిన బండికి ఇక్కడే ప్రశ్నలు ఎదురవుతాయి. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకు. నెలకు 167 పడుతుంది. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. మామూలు ఆర్‌సీ ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటే, 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్ళు దాటిన మోటార్‌సైకిలుకు ఫీజు 2,000 రూపాయలు. నెలకు 33. ఆదివారం మహాదేవ్ ఘాట్ దాకా వెళ్ళి రావాలనుకునేవాళ్ళకు రెండోదే సరైనది.

అమ్మేటప్పుడు విలువ సంగతి కూడా చాలామంది అడుగుతారు. కొనేవాడు తెలిసినవాడైతే ముందు నంబర్లు చూస్తాడు, తర్వాత ఏది పాతదో ఏది కొత్తదో అడుగుతాడు. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2013లో ప్రచురించిన ట్యూరిన్ ఛార్టర్ దీనికి ఒక మంచి పద్ధతి చెబుతుంది: పాత పార్టు స్థానంలో వేసిన కొత్తదాని మీద సులువుగా కనబడే, చెరగని గుర్తు ఉండాలి. మనమూ చేయవచ్చు. నకలు మడ్‌గార్డు లోపలి వైపు, రంగు వేయకముందే, సంవత్సరం అంకెలు పంచ్‌తో కొట్టించండి. విప్పిన పాత పార్టును పాత ఇనుము వాడికి వేయకండి, కిలోకు వచ్చే ఆ కాసింత డబ్బుతో దాని రంధ్రాల కొలత మళ్ళీ దొరకదు. నూనె రాసి, ఏ బండిదో ఎటు వైపుదో చీటీ కట్టి, తడి తగలని చోట పెట్టండి. వచ్చే ఏడాది నకలు చిట్లినప్పుడు మేస్త్రీ కొలత తీసుకోవడానికి అడిగేది దాన్నే.